వాటా

పోయిన ఆదివారం తెల్లవారకముందే మూసాపేటలో ప్రైవేటు బస్సు డిక్కీలోంచి ఒక గోనెసంచి దించుకున్నాను. ఊర్నుంచి నాన్న పంపినది. లోపల ఇరవై కొబ్బరికాయలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలో మూడంటే మూడు చెట్లు నిలబడ్డాయి. మిగతా జాగాలో ఆ మరుసటి ఏడు నాన్న మళ్ళీ మొక్కలు నాటాడు. ఇది వాటి తొలికాపు.

ఆటోలో సంచి వేసుకుని బోరబండలో అప్ప అద్దెకుండే వాటాకి వెళ్ళాను. మా శ్రీకాకుళం ఉద్దానంలో అక్కను అప్ప అంటాం. అప్ప నర్సు. 2009లో హైదరాబాదు వచ్చింది. నేను పదేళ్ళ తర్వాత, 2019లో వచ్చాను. కాయలివ్వడానికి వెళ్ళానన్నది నిజమే గాని, ఉద్యోగం వదిలేసి ఊరెళ్ళిపోతానని చెప్పడం అసలు పని. ఆమె రాత్రి డ్యూటీ చేసి అప్పుడే వచ్చింది. నిద్ర మానుకుని మధ్యాహ్నం దాకా నాతో వాదించింది. ఆ మాటలు గుర్తున్నంత వరకు ఇక్కడ పెడుతున్నాను. నేనన్నవాటిలో కొన్ని ఇప్పుడైతే అనను. అయినా దిద్దలేదు.

నేను: అప్పా, వచ్చే నెల పేపర్లు పెట్టేస్తాను. ఊరెళ్ళిపోతాను.

అప్ప: ఏటైందిరా? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?

నేను: ఎవరూ ఏమీ అనలేదు. ఆరేళ్ళ నుంచి ఈ ఊళ్ళో నన్నెవరూ ఏమీ అనలేదు. నా బాధే అది. మా హాస్టల్ గదిలో మూడు మంచాలు కదా. పక్క మంచం కుర్రాడిది ఒంగోలు వైపు. పద్నాలుగు నెలలు చేయి చాస్తే తగిలేంత దూరంలో పడుకున్నాం. నాది రాత్రి షిఫ్టు, అతనిది పగలు. నేనొచ్చేసరికి అతను బూట్లు వేసుకుంటూ ఉండేవాడు. మొన్న వచ్చేసరికి మంచం ఖాళీ. ఉద్యోగం పోయిందట, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడట. సాయంత్రానికి దుప్పటి మార్చారు. రాత్రికి ఇంకో అబ్బాయి వచ్చి అదే మంచం మీద కూచుని ఇంటికి ఫోన్ చేసుకుంటున్నాడు. పోయిన వాడి ఇంటిపేరు కూడా నాకు తెలీదప్పా. రేపు నేను పోయినా దుప్పటి మారుస్తారు, అంతే.

అప్ప: పద్నాలుగు నెలల్లో నువ్వు అడగలేదేం, ఇంటిపేరు?

నేను: అడగలేదు.

అప్ప: వాడూ నీలాగే ఎవరింటికో పోయి, పక్క మంచం వాడు నన్నొక్క మాట అడగలేదు అని చెప్పుకుని ఉంటాడు. హాస్టల్ వాడు దుప్పటి మార్చాడు. అది వాడి పని. పలకరించడం ఎవరి పని?

(ఈ దెబ్బకు నా దగ్గర సమాధానం లేదు. మాట మార్చాను.)

నేను: సరే, నాదీ తప్పే. కానీ మాకు చెప్పిందేమిటి, జరిగిందేమిటి? సైబర్ టవర్స్ కట్టింది 1998లో, నాకు నడక వచ్చిన ఏడు. ఆ గుండ్రటి మేడ బొమ్మ చూస్తూ పెరిగాం. బీటెక్ చదివితే చాలన్నారు. చదివాక, అమీర్‌పేటలో కోర్సు చేస్తే చాలన్నారు. మైత్రీవనం వెనక సందుల్లో గోడలనిండా బోర్డులే. ఒక గదిలో రెండు వందలమంది కూచుని నేర్చుకున్నాం. బయటికొస్తే జిరాక్స్ షాపులో అవే నోట్సు వరసగా పేర్చి అమ్ముతున్నారు. కోర్సు అయ్యాక, లేని అనుభవం రాసుకుంటే చాలన్నారు. ప్రతిసారీ ‘ఇంకొక్కటి చాలు’. ఉద్యోగం వచ్చింది. రాత్రంతా ఏ దేశంలోనో ఎవరి కంప్యూటరో మొరాయిస్తే నేను సర్దుతాను. వాళ్ళ పగలు నా రాత్రి. నా పగలంతా కిటికీకి దుప్పటి కట్టి పడుకోవడం. ఈ ఊళ్ళో ఎండ ఎలా ఉంటుందో ఆదివారాలే చూస్తాను.

అప్ప: ఎండ నాకూ తెలీదు. నావీ సగం నెల రాత్రి డ్యూటీలే.

నేను: నీ రాత్రిలో మనుషులుంటారు. నా రాత్రిలో టికెట్ నంబర్లుంటాయి. అదలా ఉంచు. 2020 మార్చి గుర్తుందా? లాక్‌డౌన్ మొదలైన రెండోరోజే హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు. పోలీస్ స్టేషన్ ముందు వేలమందిమి పాసుల కోసం నిలబడ్డాం. ఒకరి మీద ఒకరు పడుతున్నాం, ఎడం పాటించమని మైకులో చెబుతున్నారు. పాసు దొరికింది. ఐదుగురం కారు మాట్లాడుకుని సరిహద్దు దగ్గర గరికపాడు దాకా వెళ్ళాం. అక్కడ ఆపేశారు. పొమ్మని తెలంగాణలో పంపారు, లోపలికి రావద్దని ఆంధ్రాలో ఆపారు. రాత్రంతా రోడ్డు పక్కన కూచున్నాం. వాళ్ళ భయం వాళ్ళది, నాకిప్పుడు అర్థమవుతుంది. కానీ ఆ రాత్రి నాకు తెలిసింది, నేను ఎక్కడివాణ్ణీ కానని. అది ఇప్పటికీ పోలేదు.

అప్ప: తర్వాత ఏం చేశావు?

నేను: తిరిగొచ్చాను.

అప్ప: ఎక్కడికి?

నేను: నీ దగ్గరికి.

అప్ప: ఈ గదికేగా వచ్చావు. ఇదిగో, ఈ గుమ్మంలో నిలబడ్డావు. నేనప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చి, బట్టలు బకెట్లో వేసి, నిన్ను ముట్టుకోకుండా లోపలికి రమ్మన్నాను. అన్నం కంచంలో పెట్టి దూరంగా తోశాను. అలా ఎన్నాళ్ళున్నావు? రెండు నెలలు. ‘ఈ నగరంలో నాకెవరూ తలుపు తియ్యలేదు’ అన్నట్టు మాట్లాడుతున్నావు. నేను ఈ నగరంలో ఉండబట్టే కదరా ఆ తలుపు తీశాను. ఊళ్ళో ఉండి ఉంటే ఈ తలుపు ఎవరిది?

(అది నాకెన్నడూ తట్టలేదు. అప్పను నేను ఎప్పుడూ ఊరి లెక్కలోనే వేసుకున్నాను.)

నేను: నువ్వు వేరు. నువ్వు మా అప్పవి. ఈ ఊరి మనిషివి కావు.

అప్ప: అలాగంటావేటి? పదహారేళ్ళయింది. నా ఆధార్ మీద ఈ చిరునామా ఉంది. నా ఓటు ఇక్కడ. తులసికోట తెచ్చి ఆ మూల పెట్టుకున్నాను. కింద వాటాలో ముసలామెకు సుగరు పరీక్ష నేనే చేస్తాను. మరి నీ ఓటెక్కడ?

నేను: ఊళ్ళో.

అప్ప: 2024 మే 13న దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు బస్సులో నిలబడి వెళ్ళి ఓటేసొచ్చావు. అదే రోజు ఇక్కడా పోలింగే. తప్పని అనను. కానీ నీ హాస్టల్ సందులో లైటు వెలగకపోతే నువ్వు ఎవరినడుగుతావు? ఆరేళ్ళలో ఒక గిన్నె కొన్నావా? ఒక చీపురు కొన్నావా? నువ్వు స్నానం చేసే బకెట్ కూడా హాస్టల్‌దే. నువ్వు ఈ ఊరొచ్చి విరక్తి పడలేదు. నువ్వసలు ఈ ఊరు రాలేదు. ఆరేళ్ళుగా ప్లాట్‌ఫారం మీద కూచున్నావు, సంచి ఒళ్ళో పెట్టుకుని.

నేను: అందరూ అంతే అప్పా! సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు చూడు. ఆ నాలుగు రోజులూ కూకట్‌పల్లిలో రోడ్డు మధ్యలో క్రికెట్ ఆడుకోవచ్చు. ఇది ఎవరి ఊరు? ఎవరిదీ కాదు. అందరూ సంపాదించుకుని పోవడానికొచ్చినవాళ్ళే.

అప్ప: చార్మినార్ చుట్టుపక్కల ఆ నాలుగు రోజులూ ఎవరూ ఎక్కడికీ పోరు, చూశావా? గోలకొండలో, ధూల్‌పేటలో, సికింద్రాబాదు పాత బస్తీల్లో తాతల నాటి నుంచి ఉన్నవాళ్ళున్నారు. నీకు తెలిసిన హైదరాబాదు కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా. అది మనమే కట్టి, మనమే తిట్టుకుంటున్న ఊరు. మన శ్రీకాకుళం వాళ్ళు, పాలమూరు వాళ్ళు ఇటుక మోసి నిలబెట్టిన మేడలు. ఆ మాటకొస్తే ఈ ఊరు తాగే నీళ్ళు కూడా వలసొచ్చినవే. కృష్ణ నుంచి నూరు కిలోమీటర్లకు పైబడి, గోదావరి నుంచి అంతకన్నా దూరం గొట్టాల్లో నడిచొస్తాయి.

ఇక్కడ అప్ప లేచి టీ పెట్టింది. స్టవ్ దగ్గర నిలబడే మా ముత్తాత సంగతి ఎత్తింది. ఆయన రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావైపు పెద్దలు రంగమనే అనేవారు. మా తీరం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళి, రేవుల్లో బరువులు మోసి, ధాన్యం మిల్లుల్లో పనిచేసిన వాళ్ళు వేలమంది. అక్కడివాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులేస్తే, 1942లో కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్ళకు లెక్క లేదు. ముత్తాత వచ్చాడు. ఆయన తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

అప్ప: ఆ ముసలాయన చివరిదాకా రంగం కథలే చెప్పేవాడట. రంగంలో వాన, రంగంలో బియ్యం, రంగంలో పగోడా మెట్లు. అక్కడ ఉన్నన్నాళ్ళు ఉద్దానం కథలు చెప్పి ఉంటాడు. మనవాళ్ళకిది కొత్తేం కాదురా. ఖరగ్‌పూర్ పోయారు, అండమాన్ పోయారు. ఎక్కడుంటే అక్కడ రెండోదాని కోసం బెంగ.

నేను: ఆయన నడిచొచ్చాడు కదా అప్పా. అంత దూరం, అన్ని శవాల మధ్య, ఎందుకు నడిచాడు? రావడానికి ఒక చోటుంది కనక. నాకూ ఆ చోటుంది. తుపాను రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను. నువ్వు లేవు. తెల్లారి తలుపు తీస్తే సముద్రం కనిపించింది. మన పెరట్లోంచి సముద్రం ఎన్నడూ కనపడలేదప్పా. మధ్యలో తోటలుండేవి. నాన్న చెట్టు చెట్టుకీ వెళ్ళి మొదలు మీద చెయ్యివేసి నిలబడ్డాడు. ఏడవలేదు. మరుసటి నెల నాతో అన్నాడు, ‘ఇంక నువ్వే’ అని. ఆ మాట మోసుకుని ఇక్కడికొచ్చాను. జీతం రాగానే పంపాను. మొక్కలకు, నీళ్ళ మోటారుకు, ఎరువుకు. ఇప్పుడవి కాశాయి. నా బాకీ తీరింది. ఇంక నేనిక్కడ ఎందుకుండాలి?

(అప్ప చాలాసేపు మాట్లాడలేదు. నా టీ చల్లారింది. నేను గెలిచాననుకున్నాను.)

అప్ప: ఉద్దానం అంటే నీకు తోట. నాకేం గుర్తొస్తుందో చెప్పనా? అమ్మ వేళ్ళు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోయొచ్చిన అమ్మ వేళ్ళు. తొక్కలోని జీడి రసం తగిలి నల్లగా పగిలి ఉండేవి. అన్నం కలిపితే మంట. నాకు కలిపి పెట్టమనేది. పదో తరగతి సెలవుల్లో నేనూ పొట్టు తీయడానికి పోయాను. తూకం వేసి డబ్బులు. బద్ద విరిగితే కోత. చిన్నాన్న సంగతి గుర్తుందా? కిడ్నీ పాడై వారానికి రెండుసార్లు విశాఖ పోయేవాడు. బస్సులో వాంతులు. మన వీధిలో అలాంటి ఇళ్ళెన్ని? నేను నర్సింగులో ఎందుకు చేరాననుకున్నావు?

నేను: ఇప్పుడు పలాసలోనే కిడ్నీ ఆస్పత్రి ఉంది. 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో వస్తున్నాయి. ఊరు అప్పటిలా లేదు.

అప్ప: మంచిదే. ఆ జబ్బు ఎందుకొస్తోందో మాత్రం డాక్టర్లు ఇప్పటికీ తేల్చలేదు. ఇంకొకటి విను. నాతో ఆరేళ్ళు గదిలో ఉన్న పిల్ల మనూరి పేటలోది. నీకు తెలుసు. ఆమెకు ఊరంటే బెంగ ఎప్పుడైనా చూశావా? ఊళ్ళో మన ఇంటి గడప దాటి లోపలికి రానిచ్చామా ఆమెని? ఇక్కడ నా కంచంలో తింది, నేను ఆమె చీర కట్టుకున్నాను. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరిని అంత కఠినంగా ఎందుకు తోసిపుచ్చాడో ఆమెకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు.

నేను: ఇక్కడ మాత్రం? మీరిద్దరూ ఇల్లు వెతుక్కున్నప్పుడు నేనూ తిరిగానుగా. అడ్వాన్సు ఎంత అని మనం అడిగేలోపే ‘మీరేమిటోళ్ళు?’ అని వాళ్ళడిగారు. మూడు ఇళ్ళల్లో. ఆమె ఏదో చెప్పింది.

అప్ప: అబద్ధం చెప్పింది. ఊళ్ళో అడగనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఇక్కడ అడగాల్సొస్తోంది. అడగాల్సొచ్చే చోట అబద్ధానికైనా సందుంటుంది.

నేను: అబద్ధం చెప్పుకుని బతకడం కూడా స్వేచ్ఛేనా?

అప్ప: కాదు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. దానికి నా దగ్గర సమాధానం లేదురా. ఊళ్ళో ఉన్నది ఇక్కడికీ వచ్చింది, టు లెట్ బోర్డు చాటున. కాకపోతే ఇక్కడ ఆమె నాలుగో ఇల్లు చూసుకోగలిగింది. ఊళ్ళో నాలుగో వీధి లేదు.

నేను: మరి నీ సంగతి? రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఈ గదిలో ఒక్కదానివే పడుకుంటావు. నీకు జబ్బు చేస్తే?

అప్ప: నీకు గాయమైంది చూశావా, ఎవరూ ఏమీ అడగరని, అది నాకు మందు. ముప్పై ఏడేళ్ళొచ్చాయి, పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటికెళ్ళేదాకా ఎంతమంది అడుగుతారో తెలుసా, ‘ఇంకా లేదా?’ అని? మావయ్య కొడుక్కివ్వాలని ఇంట్లో పట్టుబట్టినప్పుడు నేనొక్కదాన్నే రైలెక్కాను. సికింద్రాబాదులో దిగి స్టేషన్ బయట నిలబడితే ఎవరూ నావైపు చూడలేదు. ఆ పూట నాకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. కానీ నువ్వడిగింది నిజం. భయముంది. వార్డులో తోడు లేని ముసలివాళ్ళొస్తారు. పిల్లలు అమెరికాలో. నేను ఫోన్ పట్టుకుని వీడియోలో చూపిస్తుంటాను, ‘అమ్మా, ఇటు చూడు’ అని. ఫోన్ పెట్టేశాక వాళ్ళు నా చెయ్యి వదలరు. నా చెయ్యి పట్టుకోవడానికి అప్పుడెవరుంటారు అనుకుంటాను. ఆ ఆలోచన వచ్చిన రోజు కింద ముసలామె దగ్గరికెళ్ళి కాసేపు కూచుని వస్తాను.

నేను: నువ్వు కూడా వచ్చెయ్యి అప్పా. పలాస ఆస్పత్రిలో నర్సులు కావాలి కదా. ఇద్దరం వెళ్ళిపోదాం.

అప్ప: ఏ ఇంటికి?

నేను: ఏ ఇంటికేంటి? మనింటికి.

అప్ప: ఆ ఇల్లు ఎవరి పేర ఉంది? తోట ఎవరి పేర ఉంది?

నేను: నాన్న పేర.

అప్ప: నాన్న తర్వాత?

నేను జవాబు చెప్పలేదు. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ వేయలేదు. వేయనక్కర్లేదు, అందరికీ తెలుసు. తాతల ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ మన రాష్ట్రంలో చట్టం 1986లోనే వచ్చింది, అంటే అప్ప పుట్టకముందే. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఊళ్ళో ఈ రెండు చట్టాల కింద వాటా అడిగిన ఆడపిల్లను నేను చూడలేదు. ‘ఇంక నువ్వే’ అని నాన్న నాతో అన్న నాటికి అప్ప తొమ్మిదేళ్ళుగా డబ్బు పంపుతోంది. మోటారు సగం ఆమె డబ్బే. ఆ మాట నాన్న ఆమెతో అనలేదు.

అప్ప: నీకు ఊరు తోటనిచ్చింది. తుపాను దాన్ని పట్టుకుపోయింది, నీ గుండె పగిలింది. తోట పోయిన లోటు ఈ నగరం తీరుస్తుందని వచ్చావు. అది తీర్చలేదు. ఏ నగరమూ తీర్చదు. నాకు పోగొట్టుకోవడానికేం లేదు. అందుకే ఈ ఊరు ఏమిచ్చినా నాకెక్కువే. నీ విరక్తికి కూడా ఆస్తి కావాలిరా. నిన్ను పోవద్దనను. నాన్న పెద్దవాడయ్యాడు, చెట్టెక్కలేడు. పో. కానీ కాయకు వ్యాపారి ఎంతిస్తున్నాడో, ఆ కాపు నీ ఖర్చుకు సరిపోతుందో లేదో ముందు నాన్ననడిగి కాగితం మీద రాసుకో. నగరం మీద కోపంతో మాత్రం పోకు. అలా పోతే రెండేళ్ళకు ఊరి మీద కోపంతో తిరిగొస్తావు.

నేను: అడిగాను. సరిపోదు. పలాసలో ఏదైనా పని చూసుకోవాలి. చూసుకుంటాను.

అప్ప: అదీ మాట.

కొబ్బరికాయ ఒకటి తీసి పీచు వలిచింది. గుమ్మం మెట్టు మీద కొట్టి, నీళ్ళు గ్లాసులో పట్టి ముందు నాకిచ్చింది. నేను సగం తాగి ఆమెకిచ్చాను.

అప్ప: తీపి ఉందే. ఎన్ని చెట్లు బతికాయి?

నేను: యాభై రెండు. పాతవి మూడు కలిపి.

అప్ప: ఊరెళ్ళాక నాన్నతో ఒక మాట అంటావా? చట్టాలూ గిట్టాలూ ఎత్తకు, భయపడతాడు. అందులో రెండు చెట్లు నావని చెప్పమను. కాగితం కూడా వద్దులే. ఏ రెండో చూపిస్తే చాలు. బావి దగ్గరివైతే మంచిది.

నేను: రెండెందుకప్పా...

అప్ప: రెండు చాలు. నీలాగ నాకూ ఎప్పుడైనా ఊరి మీద బెంగ పెట్టుకోవాలనుంది.

ఆమె పడుకుంది. రాత్రి మళ్ళీ డ్యూటీ. నేను తలుపు దగ్గరగా వేసి, కింద వాటాలో ముసలామెకు రెండు కాయలిచ్చాను. మీ ఇంటిపేరేమిటమ్మా అని అడిగాను. చెప్పింది. హాస్టల్‌కి వచ్చాక వార్డెన్ రిజిస్టరు అడిగి తీసుకుని, ఒంగోలు కుర్రాడి ఇంటిపేరు, ఫోన్ నంబరు చూసి రాసుకున్నాను. నాన్నకు ఇంకా ఫోన్ చెయ్యలేదు. బావి దగ్గర ఉన్న చెట్లు పాతవి. తుపానుకు నిలబడిన మూడింటిలో రెండు.